ఒకసారి స్టార్ట్ అవుతుంది, ఇంకోసారి మొరాయిస్తుంది: కారు సెల్ఫ్ సమస్యను పట్టుకోవడం ఎలా?

అసలే స్టార్ట్ కాని కారును బాగుచేయడం తేలిక. లోపం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి వెతికితే దొరుకుతుంది. టెన్షన్ పెట్టేది రెండో రకం. వారమంతా బుద్ధిగా లేచిన బండి, పెట్రోల్ బంకులో వెనక పది బండ్లు ఉన్నప్పుడే తాళం తిప్పితే 'టక్' అని ఊరుకుంటుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ ఒక్క తిప్పుకే లేస్తుంది. ఆయన "బ్యాటరీ వీక్ అయినట్టుంది సార్" అంటాడు, మార్చేస్తాం. నెల తిరక్కుండా మళ్లీ అదే కథ. ఈసారి "సెల్ఫ్ పోయింది". ఇంజిన్‌ను తిప్పి లేపే ఆ స్టార్టర్ మోటరునూ మార్చాక తేలేది, బ్యాటరీ నెగెటివ్‌ను ఇంజిన్‌కూ బాడీకీ కలిపే ఎర్త్ తీగ దగ్గర తుప్పు అని. తీగ శుభ్రం చేయడానికి అయ్యే ఖర్చు టీ డబ్బులంత ఉండదు.

ఇందులో మెకానిక్ తప్పు పెద్దగా లేదు. బండి బాగా పనిచేస్తున్నప్పుడు ఎవరు చూసినా ఏ లోపమూ కనిపించదు. బండి మొరాయించే ఆ అర నిమిషంలోనే సాక్ష్యం ఉంటుంది, ఆ సమయంలో సీట్లో ఉండేది మీరు. కాబట్టి పని రెండు భాగాలు: ఆ అర నిమిషంలో ఏం చూడాలో ముందే తెలుసుకోవడం, తర్వాత లోపం మళ్లీ వచ్చేసరికి దాన్ని పట్టే ఏర్పాటు చేసి ఉంచడం.

కావలసినవి ఎక్కువేం లేవు. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, రెండు తీగలు అతికించిన 21 వాట్ల ఇండికేటర్ బల్బు, 10 నంబర్ స్పానర్, ఒక ఉప్పుకాగితం. ఇక్కడ చెప్పేది ప్రధానంగా తాళంతో స్టార్ట్ చేసే పెట్రోల్ కార్ల గురించి. డీజిల్ బండ్లకూ, బటన్ బండ్లకూ చాలావరకు ఇదే పద్ధతి.

మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు. గేరు న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేక్ లాగండి. చేతికున్న ఉంగరం, కడియం, ఇనుప గొలుసు వాచీ తీసేయండి. స్పానర్‌కూ ఉంగరానికీ మధ్య బ్యాటరీ కరెంటు పారితే వేలు కాలిపోతుంది. బ్యాటరీ దగ్గర సిగరెట్ వద్దు, ఛార్జింగ్‌లో అది హైడ్రోజన్ వదులుతుంది. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిలో మీటరు ముల్లు (దాని తీగ చివరి మొన) పెట్టకండి. హైబ్రిడ్ బండ్లలో నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలు పోవద్దు.

మొరాయించిన క్షణంలో ఏం చూడాలి

లోపం వచ్చిందనగానే అందరూ చేసేది తాళాన్ని గబగబా నాలుగైదు సార్లు తిప్పడం. ఏదో ఒక తిప్పుకు లేస్తుంది, ఊపిరి పీల్చుకుంటాం, సాక్ష్యం పోతుంది. అలా కాకుండా ఒక్క క్షణం ఆగండి. లోపలి రూఫ్ లైటు వేయండి. హెడ్‌లైట్ కాదు, రూఫ్ లైటే. చాలా బండ్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు హెడ్‌లైట్లు వాటంతటవే ఆరిపోతాయి కాబట్టి అవి చూసి ఏదీ తేల్చలేం. ఇప్పుడు తాళం స్టార్ట్ వైపు తిప్పి రెండు సెకన్లు పట్టుకుని, చెవి ఇంజిన్ వైపు, కన్ను లైటు వైపు పెట్టండి.

లైటు పూర్తిగా చచ్చిపోయి, తాళం వదిలాక మళ్లీ వెలిగితే అది బ్యాటరీ కావచ్చు, బ్యాటరీ టెర్మినల్ కావచ్చు. గబగబా టకటకటక అని చప్పుడు వచ్చినా అదే దారి. సోలెనాయిడ్ (సెల్ఫ్ మీద ఉండి దానికి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) లాగుతుంది, కరెంటు పడిపోతుంది, వదిలేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఆ చప్పుడు అదే.

లైటు దాదాపు అలాగే ఉండి గట్టిగా ఒకే ఒక్క 'టక్' వస్తే చూపు సెల్ఫ్ మోటర్ వైపు తిప్పాలి. సోలెనాయిడ్ తన పని చేసింది, దాని లోపలి రాగి కాంటాక్టుల నుంచో కార్బన్ బ్రష్‌ల నుంచో కరెంటు మోటరుకు వెళ్లలేదు. అదే 'టక్'కు లైటు బాగా మసకబారితే కరెంటు వెళ్తోంది కానీ చాలడం లేదు, లేదా మోటర్ పట్టేసింది.

లైటు చెక్కుచెదరలేదు, చప్పుడూ లేదు. ఇదైతే సెల్ఫ్‌కు ఆర్డరే అందలేదు. చూడాల్సినవి కీ స్విచ్, క్లచ్ స్విచ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), వాటి మధ్య సన్న తీగలు. బ్యాటరీ మార్చి ప్రయోజనం ఉండదు.

సెల్ఫ్ 'విర్ర్' అని తిరుగుతుంది కానీ ఇంజిన్ తిరగడం లేదంటే బెండిక్స్ (సెల్ఫ్‌ను ఇంజిన్‌కు కలిపే చిన్న పళ్ల చక్రం) పళ్లు పట్టడం లేదు. ఇంజిన్ మామూలు వేగంతో తిరుగుతూనే అందుకోవడం లేదంటే అది సెల్ఫ్ సమస్య కాదు, వేరే దారి. దాని గురించి తర్వాత చెబుతాను.

చూసింది వెంటనే ఫోన్‌లో రాసుకోండి, వీలైతే చప్పుడు రికార్డ్ చేయండి. ఇంజిన్ వేడిగా ఉందా, చల్లగా ఉందా? ముందురోజు వాన పడిందా? సర్వీసింగ్‌లో వాటర్ వాష్ చేయించారా? ఎన్ని రోజులు బండి తీయలేదు? నాలుగైదు సార్లు ఇలా రాస్తే వరస దానంతటదే బయటపడుతుంది. దూరం వెళ్లి ఆగి పది నిమిషాల్లో మళ్లీ స్టార్ట్ చేసినప్పుడే వస్తే వేడికి తిరగబడే సెల్ఫ్ లేదా సెన్సర్. సంక్రాంతికి రైల్లో ఊరికి వెళ్లి వచ్చాక మాత్రమే వస్తే, బండి ఊరికే ఉన్నప్పుడు కరెంటు ఎవరో తాగుతున్నారు. వాన మర్నాడు మాత్రమే అయితే తడి చేరిన కనెక్టరు.

బ్యాటరీ: ముందు దీన్ని తేల్చేయండి

చాలా కేసుల్లో దొంగ ఇదే కాబట్టి కాదు, ఇది బాగుందని తేలకపోతే తర్వాతి కొలతలు ఏవీ నమ్మలేం కాబట్టి.

రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే, తాళం పెట్టకముందే మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టి కొలవండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే ముప్పావు వంతు, 12.2 సగం, 12 దగ్గరికి వస్తే పావు వంతు. అప్పుడే నడిపి ఆపిన బండిలో కొలిస్తే 12.8 పైన చూపిస్తుంది, అది నురగ మాత్రమే, కాసేపటికి దిగిపోతుంది.

ఈ అంకె బాగుంది కదా అని బ్యాటరీ బాగుందనుకోకూడదు. ఏ లోడూ లేనప్పుడు 12.6 చూపించి, సెల్ఫ్ కొట్టగానే కుప్పకూలే బ్యాటరీలు బోలెడు. లోపల ప్లేట్లను కలిపే సీసం జాయింటు విరిగి, తగిలీ తగలకుండా ఉంటే బండి కుదుపుకో వేడికో ఒకసారి కలుస్తుంది, ఒకసారి విడిపోతుంది. అందుకే రెండో కొలత ముఖ్యం. మీటరు బ్యాటరీకి ఉంచి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. 10 వోల్టుల పైన నిలబడితే మంచిదే. 9.6 కన్నా కిందికి దిగితే బ్యాటరీ మీద అనుమానం గట్టిగా పెట్టుకోవచ్చు. ముందు దాన్ని పూర్తిగా ఛార్జ్ చేయించి మళ్లీ చూడండి, ఛార్జ్ లేని బ్యాటరీని చెడిపోయిందనుకోవడం మామూలుగా జరిగేదే. బ్యాటరీ షాపుల్లో లోడ్ టెస్టర్ (బ్యాటరీ మీద భారం వేసి చూసే మీటరు) ఉంటుంది. అమ్మేవాడు చెప్పింది వినడం కాదు, టెస్టరు మీద ముల్లు ఎక్కడ ఆగిందో మీరే చూడండి.

మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీ మీద ఉండే ఆకుపచ్చ కన్నును చూసి మోసపోకండి. బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటే ఆ కన్ను ఒక్క సెల్ సంగతే చెబుతుంది.

చలి దేశాల వాళ్లు బ్యాటరీలు చలికాలంలో పోతాయంటారు. మన దగ్గర వాటిని చంపేది ఎండ. రామగుండం, విజయవాడ వేసవిలో బానెట్ కింద ఉండే వేడికి లోపలి నీళ్లు ఆవిరై, ప్లేట్ల మీది తీగలు తొందరగా తుప్పుపడతాయి. వేసవి అంతా బలహీనపడి, ఆ తర్వాత ఎప్పుడో ఒక పొద్దున చేతులెత్తేస్తుంది. మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీ అయితే కొలతలు అంతంతమాత్రంగా ఉన్నా మార్చడానికి వెనకాడక్కర్లేదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగే స్టార్ట్-స్టాప్ బండి అయితే మాత్రం దానికి చెప్పిన రకం బ్యాటరీయే వేయించండి, మామూలుది వేస్తే త్వరగా పోతుంది.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. లేకపోతే డైనమో ఛార్జ్ చేయడం లేదు. కొత్త బండ్లలో కంప్యూటరు అవసరాన్ని బట్టి ఛార్జింగ్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి తక్కువ చూపిందని కంగారు పడకుండా, హెడ్‌లైట్లు, ఏసీ వేసి మళ్లీ చూడండి.

టెర్మినళ్లు, ఎర్త్

అడపాదడపా వచ్చే సమస్యల్లో నాకు మొదటి అనుమానం ఎప్పుడూ వీటి మీదే. బ్యాటరీ టెర్మినల్ క్లాంపును చేత్తో పట్టుకుని తిప్పండి. కదిలిందంటే సగం పని అయిపోయినట్టే. కదలకపోయినా లోపల సీసానికీ క్లాంపుకీ మధ్య నల్లటి పొర పేరుకుని ఉండొచ్చు, పైకి శుభ్రంగా కనిపిస్తుంది. దాన్ని పట్టే కొలత ఇది: ఒక ముల్లు బ్యాటరీ సీసం మొన మధ్యలో, రెండో ముల్లు అదే మొన మీది క్లాంపుకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. దాదాపు సున్నా రావాలి. 0.1 వోల్టు దాటితే ఆ జాయింటు కరెంటును మింగేస్తోంది.

శుభ్రం చేసేటప్పుడు నెగెటివ్ ముందు విప్పి, చివర బిగించాలి. పాజిటివ్ విప్పుతుండగా స్పానర్ బాడీకి తగిలితే నిప్పులు ఎగరకుండా ఉండడానికి ఈ వరస. తెల్లటి, పచ్చటి పొడి ఉంటే గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక మొననూ క్లాంపు లోపలి భాగాన్నీ ఉప్పుకాగితంతో రుద్ది, బిగించిన తర్వాత పైన వాజలీన్ పూయండి. బిగించక ముందు పూయకూడదు. మ్యూజిక్ సిస్టమ్‌కు పిన్ కోడ్ ఉంటే విప్పే ముందే అది దగ్గర పెట్టుకోండి.

ఇక ఎర్త్. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, బాడీకి నేరుగా తగలదు. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజిన్ లేదా గేర్‌బాక్స్‌కు వెళ్లే తీగ, బాడీకి వెళ్లే తీగ రెండూ బాగుంటేనే సెల్ఫ్ తిరుగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ తీగల చివర్లు పైన ప్లాస్టిక్ కింద పచ్చగా కుళ్లిపోతాయి, ఒక్కోసారి నాలుగు పోగులు మాత్రమే మిగులుతాయి. మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ మొన మీద, రెండోది రంగులేని ఇంజిన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2, మహా అయితే 0.3 వోల్టు రావాలి. ఒక వోల్టు వచ్చిందంటే దొంగ దొరికినట్టే. ఇలాగే పాజిటివ్ వైపు: బ్యాటరీ పాజిటివ్ మొనకూ సెల్ఫ్ మీది లావు బోల్టుకూ మధ్య అర వోల్టు దాటకూడదు.

తీగ తెగలేదని మీటరు 'బీప్' కొట్టిందని చెప్పే వాళ్లుంటారు. బీప్ పరీక్షలో మీటరు పంపేది అణువంత కరెంటు. ఒక్క పోగు మిగిలిన తీగ గుండా కూడా అది హాయిగా వెళ్తుంది. సెల్ఫ్‌కు వందకు పైగా ఆంపియర్లు కావాలి. అందుకే ఈ కొలతలన్నీ సెల్ఫ్ కొడుతుండగానే తీయాలి, లేకపోతే వృథా.

మీటరు లేకుండా రోడ్డు మీద దొరికిపోతే ఒక చిట్కా. జంపర్ కేబుల్‌లో నల్లది తీసుకుని ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు, ఇంకో కొస ఇంజిన్ మీది గట్టి ఇనుముకు తగిలించి తాళం తిప్పండి. ఇప్పుడు చక్కగా లేచిందంటే ఎర్త్ తీగదే తప్పు.

ఉచ్చు బిగించడం: డ్యాష్‌బోర్డ్ మీద ఒక బల్బు

బ్యాటరీ, టెర్మినళ్లు, ఎర్త్ అన్నీ బాగున్నా సమస్య వస్తూనే ఉంటే ఇప్పుడు అసలు పని. సెల్ఫ్ మోటరుకు రెండు తీగలుంటాయి. లావు తీగ బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది. సన్న తీగ మీరు తాళం తిప్పినప్పుడు మాత్రమే 12 వోల్టులు మోసుకొస్తుంది, దాన్ని 50వ నంబర్ టెర్మినల్ అంటారు. ఆర్డరు వచ్చేది దాని ద్వారానే. బండి మొరాయించినప్పుడు ఆ తీగలో కరెంటు ఉందా లేదా తెలిస్తే సమస్య సగానికి తెగిపోతుంది. ఉంటే తప్పు సెల్ఫ్‌ది, లేకపోతే తప్పు దానికి పైనున్న స్విచ్‌లది.

ఆ సన్న తీగ కనెక్టరు దగ్గర ఇంకో తీగ తగిలించి, దానికి 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, ఎగ్జాస్ట్‌కూ బెల్టుకూ దూరంగా టై కట్టుకుంటూ క్యాబిన్‌లోకి తీసుకురండి. అక్కడ 21 వాట్ల బల్బుకు ఒక కొసను ఈ తీగకు, రెండో కొసను బాడీ ఇనుముకు కలిపి, గాజు ప్లాస్టిక్‌కు తగలకుండా హోల్డర్‌లో పెట్టండి. చాలా బండ్లలో సెల్ఫ్ కింద ఎక్కడో ఉంటుంది. ఉట్టి జాకీ మీద ఎత్తి కిందికి దూరకండి. ర్యాంపు ఉన్న షెడ్డులో ఈ ఒక్క తీగ లాగించుకుంటే చాలు, లేదంటే ఫ్యూజ్ బాక్సులో సెల్ఫ్ రిలే నుంచి బయటికి వెళ్లే తీగ దగ్గర తీసుకోవచ్చు. ఎల్‌ఈడీ ఎందుకు వద్దంటే, అది కొద్దిపాటి కరెంటుకే వెలిగి మాట మారుస్తుంది. 21 వాట్ల బల్బు దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది, తీగ బలహీనంగా ఉంటే మసకబారి పట్టిస్తుంది.

ఇక మామూలుగా బండి వాడుకోండి. ప్రతిసారి స్టార్ట్ చేసేటప్పుడు బల్బు ఒకసారి వెలిగి ఆరుతుంది. మొరాయించిన రోజున చూడాల్సింది ఇదొక్కటే.

బల్బు నిండుగా వెలిగింది, సెల్ఫ్ తిరగలేదు: రిలే, కీ స్విచ్ అన్నీ నిర్దోషులు. సెల్ఫ్‌ను విప్పించొచ్చు. రిలే దగ్గర తీగ తీసుకున్న వాళ్లు మాత్రం రిలే నుంచి సెల్ఫ్ దాకా ఉన్న సన్న తీగనూ దాని కనెక్టరునూ ముందు చూడాలి.

బల్బు వెలగలేదు: ఆర్డరు మధ్యలో ఎక్కడో ఆగిపోయింది.

బల్బు మసకగా వెలిగింది: ఆర్డరు వచ్చింది కానీ దారిలో వోల్టేజీ పోయింది. సోలెనాయిడ్ మొదట లాగేటప్పుడు పది ఆంపియర్లకు పైనే తీసుకుంటుంది. కీ స్విచ్‌లోనో రిలేలోనో కాంటాక్టులు కాలిపోయి ఉంటే అంత కరెంటు దాటదు. ఈ మసక కేసునే చాలామంది సెల్ఫ్ మార్చి, కొత్త సెల్ఫ్ కొద్దిగా తక్కువ కరెంటుకే లాగడంతో కొన్నాళ్లు బాగుపడినట్టు భ్రమపడతారు.

ఆర్డరు అందకపోతే

ముందు డబ్బు ఖర్చు లేనివి. ఆటోమేటిక్ బండి అయితే పార్క్‌లో కాకుండా న్యూట్రల్‌లో పెట్టి స్టార్ట్ చేయండి. న్యూట్రల్‌లో ఎప్పుడూ లేచి పార్క్‌లో మొరాయిస్తుంటే గేర్‌బాక్స్ మీది న్యూట్రల్ స్విచ్ తేడాగా ఉంది. మాన్యువల్ బండ్లలో క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యే రకమైతే, కాలి కింద మ్యాట్ ముడుచుకుని పెడల్ పూర్తిగా దిగడం లేదేమో చూడండి. పెడల్ పైభాగంలో స్విచ్‌ను నొక్కే చిన్న ప్లాస్టిక్ లేదా రబ్బరు బిళ్ల ఉంటుంది. కొన్ని బండ్లలో అది ఏళ్లకు పొడిపొడి అయి రాలిపోతుంది. మ్యాట్ మీద పెళుసు ముక్కలు కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు.

తర్వాత రిలే. ఫ్యూజ్ బాక్సు మూత మీద బొమ్మ ఉంటుంది. స్టార్టర్ రిలే మీద వేలు పెట్టి తాళం తిప్పించండి. వేలికి 'టిక్' తగిలిందంటే రిలేకు ఆర్డరు వచ్చింది. టిక్ వచ్చి కూడా బల్బు వెలగకపోతే రిలే లోపలి కాంటాక్టులు కాలి ఉంటాయి, లేదా దాని కాళ్లు దిగే సాకెట్ వదులై ఉంటుంది. హార్న్ రిలే అదే నంబరుతో ఉంటే రెండూ అటూ ఇటూ మార్చి కొన్నాళ్లు చూడండి. హార్న్ మొరాయించడం మొదలుపెట్టిందనుకోండి, తప్పు ఆ రిలేదే. నంబరు, కాళ్ల అమరిక ఒకేలా లేకపోతే మార్చవద్దు. మామూలు నాలుగు కాళ్ల రిలేలో 85, 86 నంబర్ల కాళ్ల మధ్య రాగి చుట్ట ఉంటుంది, 30వ కాలు నుంచి 87వ కాలుకు కరెంటు వెళ్లే దారి.

టిక్కే రాలేదంటే కీ స్విచ్ దాకా వెళ్లాలి. స్టార్ట్ స్థానంలో తాళాన్ని పట్టుకుని కొద్దిగా అటూ ఇటూ కదిలిస్తే సెల్ఫ్ అందుకుంటోందా? డ్యాష్ మీది హెచ్చరిక లైట్లు ఉన్నట్టుండి అన్నీ ఆరుతున్నాయా? అలా అయితే స్విచ్ అరిగింది. ఇంటి తాళాలు, బీరువా తాళాలు, దేవుడి బిళ్ల, అన్నీ ఒకే గుత్తిగా కారు తాళానికి వేలాడదీసే వాళ్లకు ఇది తొందరగా వస్తుంది.

ఇమ్మొబిలైజర్‌ను మర్చిపోకండి. తాళంలోని చిప్‌ను బండి గుర్తుపట్టకపోతే డ్యాష్ మీద తాళం గుర్తు మినుకుమినుకుమంటుంది. మారుతి బండ్లలో దీన్ని ఐక్యాట్స్ అంటారు. కొన్ని బండ్లలో సెల్ఫే తిరగదు, కొన్నింట్లో తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. రెండో తాళంతో ప్రయత్నించండి. గుత్తిలో ఇంకో బండి చిప్ తాళం ఆనుకుని ఉంటే దాన్ని విడదీయండి. బటన్ బండ్లలో రిమోట్ బ్యాటరీ బలహీనపడితే ఇలాగే ఆడుకుంటుంది. చాలా బండ్లలో రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కే ఆనించి నొక్కితే లేస్తుంది, అప్పుడు రిమోట్ బ్యాటరీ మార్చితే సరిపోతుంది. ఎక్కువగా వాడేది సిఆర్2032.

ఇవన్నీ దాటాక మిగిలేది వైరింగ్. బయట షాపులో సెక్యూరిటీ అలారం, రిమోట్ లాక్, జీపీఎస్ వేయించి ఉంటే ముందు అక్కడ వెతకండి. కీ స్విచ్ తీగను కత్తిరించి, మెలిపెట్టి, టేపు చుట్టిన జాయింట్లు కొన్నేళ్లకు వదులవుతాయి. రెండోది ఎలుకలు. వానాకాలంలో వెచ్చగా ఉంటుందని బానెట్ కిందికి చేరి తీగల మీది ప్లాస్టిక్ కొరుకుతాయి. సగం తెగిన తీగ కుదుపును బట్టి పనిచేస్తుంది. ఎలుక పెంటికలు, కొరికిన స్పాంజి ముక్కలు కనిపిస్తే ఆ చుట్టుపక్కల తీగల కట్టను ఒక్కొక్క జానెడు చొప్పున వంచుతూ, ఇంకొకరితో తాళం తిప్పిస్తూ పోండి.

సెల్ఫే అయితే

వేడిగా ఉన్నప్పుడే 'టక్' అని ఆగి, అరగంట చల్లారాక లేచే బండ్లలో సెల్ఫ్ చాలాసార్లు ఎగ్జాస్ట్ పక్కనే ఉంటుంది. వేడికి రాగి చుట్టల నిరోధం పెరుగుతుంది, సోలెనాయిడ్ లాగే బలం తగ్గుతుంది. అరిగిన కాంటాక్టులకు అది చాలదు. మొరాయించిన క్షణంలో ఒకరు తాళం స్టార్ట్‌లో పట్టుకుని ఉండగా ఇంకొకరు సెల్ఫ్ బాడీని స్పానర్ వెనక భాగంతో మెల్లగా రెండు దెబ్బలు కొడితే లేస్తే, బ్రష్‌లో కాంటాక్టులో అరిగినట్టు ఖాయం. కదిలే బెల్టు, ఫ్యాన్ దగ్గర చేతులు పెట్టకండి. కొందరు స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ టెర్మినళ్లు రెండూ కలిపి స్టార్ట్ చేస్తారు. గేరులో ఉన్న బండి అలా లేచి ముందున్న మనిషి మీదికి వెళ్తుంది, ఆ పని వద్దు.

సెల్ఫ్ మొత్తం కొత్తది వేయించేముందు మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. చాలాసార్లు బ్రష్‌లు, బుష్‌లు, సోలెనాయిడ్ కాంటాక్టులు మార్చితే సరిపోతుంది, అది కొత్త సెల్ఫ్ ధరలో చిన్న భాగం. ఆర్మేచర్ (మోటరు లోపల తిరిగే చుట్ట) కాలిపోయి ఉంటేనే కొత్తది. తక్కువ ధరకు దొరికే నకిలీ సెల్ఫ్ కన్నా బాగుచేసిన ఒరిజినల్ సెల్ఫే నయమని నా అభిప్రాయం. విప్పినప్పుడు లోపల ఇంజిన్ ఆయిల్ కనిపిస్తే పైనుంచి కారే చోటు కూడా మూయించాలి, లేకపోతే కొత్త బ్రష్‌లకూ అదే గతి.

సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు

తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి పెట్రోల్ పంపు రెండు సెకన్లు సన్నగా 'గీ' అనాలి. మొరాయించినప్పుడు ఆ చప్పుడు లేకపోతే పంపు, దాని రిలే, ఫ్యూజు చూడాలి. చప్పుడు ఉంటే ఆర్‌పీఎం ముల్లు చూడండి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు చాలా బండ్లలో అది కొద్దిగా లేస్తుంది. అసలు కదలకపోతే, అదీ వేడిగా ఉన్నప్పుడే అయితే, ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటరుకు చెప్పే క్రాంక్ సెన్సర్‌ను అనుమానించాలి. వేడెక్కాక దాని సంకేతం ఆగిపోయి, చల్లారాక మళ్లీ వస్తుంది. ఓబీడీ స్కానర్‌లో (బండి కంప్యూటరులోని లోపాల కోడ్లు చదివే పరికరం) పి0335 కోడ్ కనిపిస్తే తప్పు ఆ సర్క్యూట్‌దే. కోడ్ లేదని మాత్రం సెన్సర్ బాగుందనుకోవద్దు. డీజిల్ బండి చలి పొద్దుల్లో మాత్రమే ఇబ్బంది పెడితే చూడాల్సింది ఇంజిన్ లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్‌లు.

ఊరికే ఉన్నప్పుడు కరెంటు తాగేవాళ్లు

నాలుగు రోజులు ఆపితే మొరాయించి, రోజూ నడిపితే బాగుండే బండికి ఇది. అన్నీ ఆపి, డోర్ లాక్ చేసి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, మీటరు ఎర్ర తీగను దాని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, మీటరును విప్పిన తీగకూ బ్యాటరీ నెగెటివ్ మొనకూ మధ్యలో కలపండి. కొత్త బండ్లలో కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట దాకా పడుతుంది, ఓపిక పట్టండి. తర్వాత 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. 300 ఉందనుకోండి, రోజుకు 7.2 ఆంపియర్ అవర్లు పోతాయి. చిన్న కార్లలో వాడే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు రోజుల్లో సగానికి పైగా ఖాళీ. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే ఏ ఫ్యూజుకు అంకె పడిపోతుందో అదే దారి. డ్యాష్‌క్యామ్, బయట వేయించిన మ్యూజిక్ సిస్టమ్, ఆరని డిక్కీ లైటు తరచుగా దొరికేవి. మీటరు మధ్యలో ఉండగా సెల్ఫ్ కొట్టకండి, దాని ఫ్యూజు పోతుంది.

దారిలో ఆగిపోతే, షెడ్డుకు వెళ్తే

జంప్ స్టార్ట్‌లో ఎరుపు ముందు మీ బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత అవతలి బండి పాజిటివ్‌కు. నలుపు అవతలి నెగెటివ్‌కు, చివరి కొస మీ ఇంజిన్ ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. తీసేటప్పుడు వెనక్కి అదే వరస. జంప్‌తో వెంటనే లేచిందంటే బ్యాటరీ లేదా దాని టెర్మినల్. జంప్ చేసినా అదే 'టక్' అంటే సెల్ఫ్ వైపు. మాన్యువల్ బండిని నెట్టి స్టార్ట్ చేయొచ్చు, ఆటోమేటిక్‌ను కుదరదు. నెట్టేటప్పుడు ఇంజిన్ లేచేదాకా బ్రేకు, స్టీరింగ్ బరువుగా ఉంటాయి, పల్లం రోడ్డు మీద జాగ్రత్త.

మెకానిక్‌కు "స్టార్టింగ్ ట్రబుల్" అని ఒక్క ముక్కలో చెప్పకండి. "వేడిగా ఉన్నప్పుడు ఒక్క టక్ అంటుంది, రూఫ్ లైటు తగ్గదు, 50 తీగ మీద బల్బు నిండుగా వెలిగింది, బ్యాటరీ సెల్ఫ్ కొట్టేటప్పుడు 10.4 ఉంది" అని చెప్పి రికార్డింగ్ వినిపించండి. ఊహల మీద బండి విప్పే అవసరం ఆయనకు ఉండదు. మార్చిన పాత సామాను తిరిగి అడిగి తీసుకోండి, సోలెనాయిడ్ అయితే మీ ముందే విప్పించి కాలిన కాంటాక్టులు చూడండి. డ్యాష్ మీది బల్బును మాత్రం వెంటనే తీయించకండి. సమస్య ఏ పరిస్థితిలో వచ్చేదో, ఎండో వానో నాలుగు రోజుల పార్కింగో, అది రెండు మూడు సార్లు దాటేదాకా ఉంచి అప్పుడు తీయండి.